మట్టకి ఇవతలి సగం

నా చేతులు ఊరికే ఉండవు. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే మూత తీసి నాలుగుసార్లు కలుపుతాను. కలపకపోతేనే ముక్క విరగకుండా ఉడుకుతుందని తెలుసు, అయినా కలుపుతాను. కాకర పాదు పందిరి ఎక్కుతుంటే దాని మానాన దాన్ని వదలను, తీగ పట్టుకుని నేనే చుడతాను. "దీని చేతికి పని లేకపోతే పక్కవాళ్ల పనికి ఎసరు పెడుతుంది" అని అత్తిలిలో మా అమ్మ అంటుండేది. నేను నవ్వేసేదాన్ని. మొన్నటి సార్వా పంటకి గాని ఆ మాట నాకు ఒంటబట్టలేదు.

మాది ఏలూరుకి దిగువన, కొల్లేటికి దగ్గరగా ఉన్న ఊరు. ఇంటి ముందు రోడ్డు దాటితే మా పల్లపు చేను, మూడెకరాలు. రెండు పక్కలా చేపల చెరువులు వచ్చేశాయి. మూడో పక్క కనకరాజు చేను, నాలుగో పక్క రోడ్డు. కొల్లేరు నిండినప్పుడు మురుగు కాలవ వెనక్కి తన్ని ఆ నీళ్లన్నీ మా మీదకొస్తాయి. వారం పది రోజులకి గాని వెనక్కి తియ్యవు. నాలుగేళ్లలో రెండుసార్లు పంట అలాగే పోయింది. రెండోసారి కుళ్లిన దుబ్బులు చూసొచ్చి, నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటూ మా ఆయన హనుమంతరావుగారు మెల్లిగా అన్నారు.

"ఇంకొక్కసారి పోయిందంటే చెరువుకి ఇచ్చేద్దాం, నాగరత్నం. నీళ్లొచ్చే చోట నీళ్లలో బతికేదే పెంచాలి."

ఆయన మాటలో తప్పు లేదు. అందుకే నాకు ఒళ్లు మండింది. చెరువు తవ్వారంటే పైమన్ను పోతుంది, గట్లు పోతాయి, అది మళ్లీ చేను కాదు. కాపురానికొచ్చిన ఏడాది ఆ గట్టు మీదే మా అత్తగారి పక్కన నిలబడి ఊడ్పులు చూశాను. నాకు ఆ చేను చేనుగానే కావాలి.

మా కోడలు భాగ్యశ్రీది వరి పరిశోధన. పొద్దున్నే స్కూటీ మీద ఏలూరు స్టేషనుకి వెళ్లి, రైలెక్కి గూడెంలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల కేంద్రానికి పోతుంది. మా గోపీచంద్ ఏలూరులో కరెంటాఫీసులో చేస్తాడు. వాడు ఇంటికొచ్చాక ఆఫీసు మాటెత్తడు. ఈ పిల్ల మాత్రం అన్నం తింటూ కూడా వరి గురించే మాట్లాడుతుంది. మే నెలలో ఓ ఆదివారం నా పక్కన కూర్చుని గోరుచిక్కుళ్లకి ఈనెలు తీస్తూ అడిగింది.

"అత్తయ్యగారూ, మన స్వర్ణ వరి నీళ్లలో మునిగితే ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా?"

"చస్తుంది."

"చచ్చే ముందండీ."

ఆలోచించాను. "సాగుతుంది. నీళ్ల పైకి తల పెట్టాలని సన్నగా, పాలిపోయి సాగుతుంది."

"అదేనండి. మునిగిన మొక్కలో ఒక వాయువు పోగవుతుంది. దాంతో మొక్క గాభరాపడి ఎదిగే హార్మోనుకి తలుపులన్నీ తీసేస్తుంది. ఉన్న బలమంతా సాగడానికే పెట్టేస్తుంది. నీళ్లు తీసేసరికి నిలబడే ఓపికుండదు. మేం ఈ విత్తనంలోకి ఒక పాత వరి నుంచి జన్యువు తెచ్చామండి, మామూలుగా సంకరం చేసే. అదుంటే మొక్క మునిగినప్పుడు ఎదగదు. ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. నీళ్లు పోయాక కొత్త ఆకు వేస్తుంది."

"కదలకుండా కూర్చునేదాన్ని తెచ్చి నా చేలో వేస్తానంటావు."

ఆ పిల్ల నవ్వింది. "మీకే పరీక్షండి."

తర్వాత నవ్వు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఐదేళ్ల నుంచి ఆ విత్తనం మీదే పని చేస్తోందట. తొట్టెల్లో ముంచితే బతికింది. నిజంగా వరద వచ్చే చేలో చూడాలి. వాళ్ల పెద్ద శాస్త్రవేత్త నరేంద్రగారు మా చేనుకి ఒప్పుకున్నారు. ఇక్కడ నిలబడితే పై మెట్టుకి వెళ్తుంది, ఒకనాటికి రైతులందరికీ అందుతుంది. నిలబడకపోతే ఆ విత్తనాన్ని ఇక్కడితో ఆపేస్తారు.

"ఇది నిలబడిందంటే మీ మామగారు చెరువు మాటెత్తరు" అన్నాను.

"నిలబడుతుందండి. ఒక్కటే షరతు" అని నీలం అట్ట పుస్తకం ఒకటి నా ఒళ్లో పెట్టింది. "రాసిందే వెయ్యాలి. వేసిందల్లా రాయాలి. వారం వారం రైతు సంతకం పెట్టాలి. రైతు మీరేనండి."

రైతు అని నన్నెవరూ అనలేదు అప్పటిదాకా. సంతకం పెట్టడం రెండు రోజులు అభ్యాసం చేశాను.

రోడ్డు పక్కనున్న అరెకరంలో కోడలి విత్తనం, మిగతా రెండున్నర ఎకరాల్లో స్వర్ణ వేశాం. విత్తనం రావడం ఆలస్యమైంది, ఊడ్పులు స్వర్ణ కన్నా పన్నెండు రోజులు వెనకపడ్డాయి. గట్టు మీద నంబరు రాసిన రేకు బోర్డు పాతారు. దాన్ని చూడ్డానికి వచ్చేపోయేవాళ్లందరూ ఆగేవారు. ఆగి బోర్డు చూసి, తర్వాత చేను చూసేవారు.

ఆగస్టు వచ్చేసరికి స్వర్ణ మోకాలు దాటింది. కోడలి చేను మోకాలి కిందే ఉంది.

"వదినగారూ, ఇదేంటండీ, ఇంకా నేల బారునే ఉంది?" అన్నాడు కనకరాజు రోడ్డు మీద నిలబడి, ఊరంతటికీ వినపడేలా. "చదువుకున్న వరి కదా, తీరిగ్గా ఎదుగుతుందేమోలెండి."

కనకరాజు మంచివాడే. ఒకరి చేను ఎండితే తన బోదె తెగ్గొట్టి నీళ్లిచ్చే మనిషి. కానీ నోరు ఊరుకోదు. ఆయనకి నోరు, నాకు చేతులు. ఆ మాటకి నాకు రోషం వచ్చింది.

"పన్నెండు రోజులు వెనక ఊడ్చాం, పన్నెండు రోజులు వెనకే ఉంటుంది. ఊరుకో" అన్నారు మా ఆయన పేపరు లోంచి తలెత్తకుండా.

ఊరుకోవడం ఆయనకి చేతనవును. నేను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే ముందు ఒకసారి గట్టు మీదకెళ్లి జానతో కొలిచేదాన్ని. అదే వారంలో భాగ్యశ్రీకి హైదరాబాదులో మూడు వారాల ట్రైనింగు పడింది. వెళ్తూ పుస్తకం నా చేతికిచ్చింది.

"ఈ మూడు వారాలు మీరే రాయండి అత్తయ్యగారూ. ఏమీ వేయకపోతే ఏమీ వేయలేదని రాయాలి. ఖాళీగా వదలకూడదు."

నాలుగు రోజులు ఆగాను. ఐదో రోజు బ్యాంకు పని మీద ఏలూరు వెళ్లాను. బస్సు కోసం నిలబడ్డ చోట పురుగుమందుల కొట్టు ఉంది. అద్దాల బీరువాలో ఒక సీసా మీద మనిషెత్తు వరి బొమ్మ. కొట్టతను అడక్కుండానే తీసి చేతిలో పెట్టాడు. యూరియా కాదండి, పురుగుమందు కాదండి, టానిక్కండి, వారంలో జానెడు లేస్తుందండి అన్నాడు. బస్సెక్కేటప్పటికి సీసా నా సంచిలో ఉంది. ఎరువు కాదు, మందు కాదు, పసిపిల్లకి బలానికి పోసే మందులాంటిదే కదా అనుకున్నాను. కోడలు తిరిగొచ్చి తన చేను చూసి మురిసిపోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అంతకన్నా ముందు కనకరాజు మొహమే కళ్ల ముందుకొచ్చింది.

మందు కొట్టడానికి బంగార్రాజుని పిలిచాను. ఊళ్లో సగం చేలకి అతనే కొడతాడు.

"చిన్నమ్మగారు దీనికేమీ కొట్టొద్దన్నారు కదండీ?" అన్నాడు ట్యాంకు వీపుకి తగిలించుకుంటూ.

"మందులు వద్దంది. ఇది బలం."

"ఆయ్" అన్నాడు అతను తలూపి. నా ఇంటి వ్యవహారం అతనికెందుకు.

రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టమన్నాను, ముందు అటే కదా అందరూ చూసేది. మూడో ట్యాంకు అయ్యేసరికి చినుకు పడింది. బంగార్రాజు గట్టున పడున్న కొబ్బరి మట్టని తెచ్చి, ఆగిన చోట నిలువుగా గుచ్చాడు. అలా గుర్తు పెట్టకపోతే మర్నాడు కొట్టినదానికే మళ్లీ కొడతారు. మర్నాడు వాన, ఆ మర్నాడు కూడా వాన. మట్టకి అవతలి సగం అలాగే మిగిలిపోయింది. సీసా పశువుల పాక చూరులో దోపాను.

ఆదివారం పుస్తకం తీశాను. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. టానిక్కు అని రాస్తే ఆ పిల్ల ఏమనుకుంటుందోనని భయం వేసింది. భయం వేసిందంటేనే తప్పని నాకు తెలుసన్నమాట. "ఏమీ వేయలేదు" అని రాసి, అభ్యాసం చేసిన సంతకం పెట్టాను.

మందు కొట్టిన ఐదో రోజుకి రోడ్డు వైపు సగం జానెడు లేచింది. రంగు కాస్త పాలిపోయింది గాని ఎత్తు మాత్రం ఎత్తే.

"ఏం మంత్రం వేశారండీ వదినగారూ" అన్నాడు కనకరాజు.  కొంగు సర్దుకుని అవతలకి నడిచాను. ఆ తర్వాతి మూడు రోజులూ పని ఉన్నా లేకపోయినా ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు.

తర్వాత వాన ముసురు పట్టింది. పైన తమ్మిలేరు పొంగిందన్నారు, బుడమేరు నీళ్లు కూడా దిగుతున్నాయన్నారు. మురుగు కాలవ ఒక సాయంత్రం కదలడం మానేసింది. మర్నాటి పొద్దున్నకి వెనక్కి నడిచింది. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా ఎదురొచ్చి మా గట్టుకి ఆనుకుంది. మధ్యాహ్నానికి స్వర్ణ మునిగింది. రోడ్డు వైపు సగం మాత్రం మరో పూట కొసలు పైకి పెట్టుకుని ఉంది, అది చూసి నేను లోలోపల గర్వపడ్డాను కూడా. ఆ తర్వాత అదీ మునిగింది. రేకు బోర్డూ, కొబ్బరి మట్ట కొసా తప్ప ఏమీ లేదు.

నాలుగో రోజున భాగ్యశ్రీ వచ్చింది. బ్యాగు దించకుండానే రోడ్డు మీద నిలబడి ఆ నీళ్లని చూసింది. నేను ఏడుపు ఆపుకుంటూ పక్కన నిలబడితే ఆ పిల్లే నాకు ధైర్యం చెప్పింది.

"నాలుగు రోజులే కదండీ. రెండు వారాల దాకా ఓర్చుకుంటుంది. మనం కోరుకున్నది ఇదే అత్తయ్యగారూ. వరద రాకపోతే ఈ ఏడు దండగయ్యేది."

ఆ పూట భోజనాల దగ్గర మా ఆయన అడిగారు. "మునిగితే ఎదగొద్దని ఆ మొక్కకి ఎవరు చెబుతారమ్మా?"

"ఎవరూ చెప్పరండి మామయ్యగారూ. ఎదగమని చెప్పే హార్మోను ఒకటుంటుంది, జిబ్బరెల్లిన్ అని. మునిగినప్పుడు ఆ మాట ఈ మొక్క చెవిన పడకుండా జన్యువు కాపలా కాస్తుంది. అయితే బయటి నుంచి ఆ హార్మోనే తెచ్చి పోశామనుకోండి, కాపలా పనికి రాదు, ఇది కూడా సాగి చస్తుంది. తొట్టెల్లో మేం అలా చేసే చూశాం, జన్యువు నిజంగా పని చేస్తోందా లేదా అని."

నేను మజ్జిగ పోస్తున్నాను. గిన్నె కింద పెట్టి, దూడకి గడ్డి వెయ్యాలని చెప్పి పాకలోకి వెళ్లాను. చూరులోంచి సీసా తీసి, కళ్లజోడు పెట్టుకుని, బొమ్మ వైపు కాకుండా వెనక వైపు తిప్పాను. చిన్నక్షరాల్లో మొదటి మాటే అది. జిబ్బరెల్లిక్ ఆమ్లం. సీసా మళ్లీ చూరులో పెట్టి, దూడకి గడ్డి వేసి, వచ్చి అందరికీ మజ్జిగ పోశాను.

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. రేపు చెబుదామనుకునేదాన్ని. రేపు వచ్చేది. చెబితే నీళ్లు తీస్తాయా అనుకునేదాన్ని. పూజ గదిలో రెండుసార్లు దీపం పెట్టి, పెట్టానో లేదో మర్చిపోయి మూడోసారి పెట్టేదాన్ని. పొద్దున్నే వెళ్లి మట్ట మీద నీటి గుర్తు చూసేదాన్ని, ఒక్క వేలు దిగేది. కోడలు రైలు దిగి ఇంటికొచ్చేసరికి తనకిష్టమని పనసపొట్టు కూర, పెసరట్లు, రోజుకొకటి చేసి పెట్టాను. "ఏంటండీ అత్తయ్యగారూ, పండగలా?" అంది. ఇంకో అట్టు తన కంచంలో వేశాను.

పదో రోజుకి నీళ్లు తీశాయి. చేనంతా ఒకటే బురద, ఒకటే వాసన. ఏది బతికిందో ఏది చచ్చిందో తెలియదు, అన్నీ మట్టి రంగే. మా ఆయన మాట ప్రకారం చెరువు తవ్వేవాళ్లు టేపు పట్టుకుని వచ్చి గట్లు కొలుచుకున్నారు.

"ఎనిమిది రోజులు ఆగండి మామయ్యగారూ" అంది భాగ్యశ్రీ. "దున్నించకండి, యూరియా వేయకండి, ఏమీ చేయకండి. ఊరికే ఆగండి."

తను చేలోకి దిగింది. రెండు సగాల్లోంచీ ఆకులు తెంపి చిన్న కవర్లలో పెట్టుకుంది, పరీక్షకి. స్కేలు పెట్టి దుబ్బులు కొలిచింది. మట్ట దగ్గరికొచ్చాక ఆగింది. మట్టని చూసింది. గట్టు మీదున్న నన్ను చూసింది. మళ్లీ వంగి కొలుచుకుంటూ పోయింది. నన్నేమీ అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్ని. అడగలేదని నాకు తన మీద కోపం కూడా వచ్చింది, చూడండి నా బుద్ధి.

ఆరో రోజు పొద్దున్న మట్టకి అవతల, బురద దుబ్బుల నడుమ సూదుల్లా కొత్త ఆకులు లేచాయి. ఎనిమిదో రోజుకి పాతిక సెంట్లు పచ్చబడ్డాయి. దాని వెనక స్వర్ణ రెండున్నర ఎకరాలు కుళ్లిపోయింది. మట్టకి ఇవతల, రోడ్డు వైపు పాతిక సెంట్లూ కుళ్లిపోయాయి. రెంటికీ నడుమ గీత గీసినట్టే ఉంది. రోడ్డు మీద పోయేవాళ్లకి ముందు ఆ కుళ్లే కనిపించేది.

నరేంద్రగారు ఆ శుక్రవారం జీపులో వచ్చారు. సన్నగా, పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ప్యాంటు మడుచుకుని చేలోకి దిగారు. నేను గట్టు మీద నిలబడి ముందు మట్ట కోసం చూశాను. అక్కడ లేదు. గుచ్చిన చోట చిన్న గుంట మాత్రం ఉంది. నీళ్లకి కొట్టుకుపోలేదు, నిన్న మధ్యాహ్నం కూడా చూశాను.

"ఇటూ అటూ నేల మట్టం ఒకటేనా?" అని అడిగారాయన.

"ఒకటేనండి సార్. కొలిచాను" అంది భాగ్యశ్రీ.

"ఆకు పరీక్షలో?"

"రెండు వైపులా జన్యువు ఉందండి."

"ఉండి కూడా ఇటు చచ్చిందన్నమాట." ఆయన చెయ్యి చాచారు, భాగ్యశ్రీ నీలం పుస్తకం ఇచ్చింది. ఒక్కొక్క పేజీ తిప్పి, ఒక చోట ఆగారు. "ఆగస్టులో ఏమైనా కొట్టారేమోననుకున్నాను. ఏమీ వేయలేదని రాశారు. రైతు సంతకం కూడా ఉంది."

 భాగ్యశ్రీ చచ్చిన దుబ్బుల వైపు చూస్తూ నిలబడింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో స్కేలు.

"సగం చోట పని చేసి సగం చోట చేయని విత్తనాన్ని రైతుకి ఇవ్వలేం అమ్మా" అన్నారాయన. కోపంగా అనలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. "ఎందుకు చేయలేదో చెప్పలేకపోతే ఈ విత్తనం లైను ఆపెయ్యడమే. నీ కష్టం నాకు తెలుసు."

"అలాగేనండి సార్" అంది మా కోడలు.

ఐదేళ్లు. ఆ రెండు మాటల్లో ఐదేళ్లు పోతున్నాయి, ఆ పిల్ల నా వైపు తల కూడా తిప్పలేదు.

"ఆ సగానికి నేను మందు కొట్టించానండి" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. మా ఆయన రోడ్డు మీద నుంచి రెండడుగులు ముందుకొచ్చారు.

"కోడలు ఊళ్లో లేదండి. దానికి తెలియదు. పుస్తకంలో అబద్ధం రాశాను. సీసా ఇంట్లో ఉంది, తెస్తాను ఉండండి."

పరుగులాంటి నడకతో వెళ్లి తెచ్చాను. నరేంద్రగారు సీసా వెనక వైపు చదివారు. ఏ రోజు కొట్టించారు, ఎన్ని ట్యాంకులు, ట్యాంకుకి ఎన్ని మూతలు అని అడిగారు. అన్నీ చెప్పాను. ఆయన పచ్చటి సగాన్నీ, కుళ్లిన సగాన్నీ మార్చి మార్చి చూశారు.

"అమ్మా, ఇదే సంగతి తొట్టెల్లో పెట్టి రుజువు చెయ్యడానికి మాకు ఏడాది పట్టింది. మీరు అరెకరంలో చేసి చూపించారు. ఇంతకన్నా బాగా నేను కూడా చూపించలేనండి." సీసా నాకు తిరిగి ఇచ్చారు. "కానీ ఇది లెక్కలోకి రాదు. షరతు తప్పారు కాబట్టి మీ చేను మా జాబితాలోంచి తీసేయాలి. విత్తనం ఆపను. వచ్చే సార్వాకి ఇంకో చేలో మళ్లీ చూద్దాం."

అంటే భాగ్యశ్రీకి ఒక ఏడాది పోయింది. నా వల్ల.

జీపు వెళ్లిపోయాక మా ఆయన ఆ పచ్చటి పాతిక సెంట్ల గట్టు మీద చేతులు వెనక్కి పెట్టుకుని చివరి దాకా నడిచి, తిరిగొచ్చి, చెరువువాళ్లకి ఫోన్ చేశారు. "ఇప్పుడే వద్దులెండి. ఒక ఏడు ఆగి చూస్తాం" అని పెట్టేశారు.

నేను పెరట్లోకి వెళ్లాను. పాక గోడకి కొబ్బరి మట్ట ఆనించి ఉంది, కింది కొసకి ఇంకా తడి బురద. భాగ్యశ్రీ నూతి చప్టా మీద కాళ్లు కడుక్కుంటోంది.

"పీకింది నువ్వా?"

"నేనేనండి. నిన్న సాయంత్రం."

"నీకెప్పుడు తెలిసింది?"

"నీళ్లు తీసిన రోజే. ఇటు దుబ్బులు జానెడు సాగి ఉన్నాయి. మట్ట కనిపించింది. దూడకి గడ్డి వేస్తుంటే చూరులో సీసా కూడా కనిపించింది."

"మరి అడగలేదేమ్మా?"

"మీరే చెబుతారనుకున్నానండి. రోజూ అనుకున్నాను. రోజుకో కూర చేసి పెట్టారు గాని చెప్పలేదు." చెంబు కింద పెట్టింది. "నిన్నటికి ఇంక చెప్పరనిపించింది. సార్ ముందు మిమ్మల్ని నిలబెట్టడం నా వల్ల కాలేదు, పీకేశాను. అది నేను చేసిన తప్పు. మీ తప్పు కన్నా పెద్దది, నాకు తెలిసి చేశాను."

నేను చెయ్యి పట్టుకోబోయాను. మెల్లిగా తీసేసుకుంది.

"నాకు చాలా కోపంగా ఉందండి అత్తయ్యగారూ. రెండ్రోజులు నాతో మాట్లాడకండి. తర్వాత నేనే మాట్లాడతాను."

రెండు రోజులు నేను ఆ ఇంట్లో ఎలా తిరిగానో నాకే తెలుసు. మూడో రోజు ఆదివారం. తను నీలం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. నేను పాత మాట కొట్టెయ్యబోతే ఆపింది.

"కొట్టెయ్యకండి. ఇందులో కొట్టివేతలుండవు. అది అలాగే ఉండాలి, కింద నిజం రాయాలి."

తేదీ, సీసా పేరు, మూడు ట్యాంకులు, రోడ్డు వైపు సగం అని రాసి సంతకం పెట్టాను. దాని కింద తను రాసింది, గుర్తుగా పెట్టిన మట్టని తీసేసినది నేనే అని. తన సంతకం కూడా పెట్టింది. తర్వాత ఇద్దరం కాఫీ తాగాం.

ఆ పాతిక సెంట్లూ డిసెంబరులో కోశాం. గింజ గింజా సంచిలో పోసి సీలు వేసి కేంద్రానికి పట్టుకెళ్లిపోయారు, అది వాళ్ల విత్తనం. నేను ఒక్క వెన్ను కూడా దాచుకోలేదు. చెయ్యి లాగలేదని అనను.

ఈ సార్వాకి రేకు బోర్డు కనకరాజు చేలో ఉంది. మా మూడెకరాల్లో మళ్లీ స్వర్ణే. వాన పడుతుందో లేదో, పడితే ఎంత పడుతుందోనని రోజూ ఆకాశం చూస్తున్నాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే ముందు ఒకసారి కనకరాజు గట్టు మీదకెళ్లి నిలబడతాను. వెళ్లకుండా ఉండలేను. చేతులు మాత్రం వెనక్కి కట్టుకుంటాను.

"వదినగారూ, మోకాలి కిందే ఉందండీ. ఏమైనా బలానికి కొట్టమంటారా?" అంటాడు కనకరాజు.

"నోరు మూసుకుని గట్టు చూసుకోండి" అంటాను.

మొన్న ఆదివారం భాగ్యశ్రీ కొత్త పుస్తకం పట్టుకుని వచ్చింది. అదీ నీలం అట్టే. రైల్వే పాసు బ్యాగులో వేసుకుంటూ, వచ్చే వారమంతా గూడెంలోనే ఉండాలండి అంది. పుస్తకం నా చేతిలో పెట్టింది.

"కనకరాజుగారు పేజీ పేజీకి తప్పులు రాస్తున్నారండి. ఆయనతో సంతకం పెట్టించండి. రాయడం మాత్రం ఇక నుంచి మీరే రాయండి."

నేను పుస్తకం వైపు, తన వైపు చూశాను. తను స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం కనకరాజు గట్టు మీద కూర్చున్నాను. చేను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను, మళ్లీ కూర్చున్నాను. కళ్లజోడు పెట్టుకుని తేదీ వేసి, కింద రాశాను.

ఏమీ వేయలేదు.